అక్షరం నుంచి ఐకమత్యం దాకా: నెల్లూరు స్త్రీల సారా వ్యతిరేకోద్యమం

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బది ఐదేళ్ళ పండుగనాడు పాఠశాల చరిత్ర చెప్పుకొనడం ఆచారం. ఆ బాధ్యతను నాకంటె ఎంతో పెద్దలయిన మా తెలుగు మాస్టారుగారు నిన్నటి సభలోనే చక్కగా నిర్వహించారు. ఆయన చెప్పిన తరువాత మళ్ళీ నేను చెప్పబోతే అది చర్వితచర్వణమే అవుతుంది. అందువల్ల వేరొక కథ ఎంచుకున్నాను. అది మన బడి కథ కాదు. అయినా ఒక బడిలోనే మొదలయింది. పలక పట్టడం అప్పుడే నేర్చుకుంటున్న నడివయసు స్త్రీల రాత్రిబడి అది. 1990 దశకం ప్రథమార్ధంలో నెల్లూరు జిల్లా పల్లెలలో పుట్టి ఒక రాష్ట్ర ప్రభుత్వం చేత చట్టాలు చేయించిన సారా వ్యతిరేకోద్యమాన్ని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

మన చెన్నపట్టణానికి నెల్లూరు దగ్గరి జిల్లా. గూడూరు, కావలి, ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతాల నుంచి బతుకుతెరువు కోసం వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబాల పిల్లలు మొదటినుంచీ మన హాజరుపట్టీలో ఉన్నారు. కనుక ఈ కథలోని అమ్మలు, అమ్మమ్మలు మీలో కొందరికి బంధువులే కావచ్చును. అయితే బంధుత్వం ఒక్కటే నన్ను ఈ విషయానికి లాగలేదు. బలం లేనివారు బలం ఎలా కూడగట్టుకుంటారు? ఒక ఊరి గోడు పది ఊళ్ళ గోడు ఎలా అవుతుంది? ఆ బాధతో నేరుగా సంబంధంలేని వారు ఎందుకు వచ్చి తోడు నిలుస్తారు, ఎంతకాలం నిలుస్తారు? ఈ ప్రశ్నలు ఇప్పుడు మన పాఠశాలకు చాలా అవసరం. మన ఒకటో తరగతి గదిలోకి తొంగిచూసిన వారికి ఎందుకో నేను వివరించి చెప్పనక్కరలేదు.

ముందుగా ఆనాటి పరిస్థితి. ఆంధ్రప్రదేశ్‌లో సారా వ్యాపారం దొంగచాటు వ్యాపారం కాదు. ప్రభుత్వమే సరఫరా చేసేది. ఏటేటా వేలం పాట పెట్టి అమ్మకపు హక్కును గుత్తకు ఇచ్చేది. పాట గెలుచుకున్న కాంట్రాక్టరు తన పరిధిలోని ఊరూరా అంగళ్ళు పెట్టుకునేవాడు. 1980 దశకంలో ‘వారుణి వాహిని’ అని చక్కని సంస్కృతం పేరు పెట్టి సారాను చిన్నచిన్న ప్యాకెట్లలో సరఫరా చేయడం మొదలుపెట్టారు. పేరులో కవిత్వం ఉన్నదేకాని పనిలో లేదు. అంతకుముందు తాగదలచినవాడు అంగడికి నడిచి వెళ్ళవలసి వచ్చేది. ప్యాకెట్లు వచ్చాక సారాయే మనిషిని వెదుక్కుంటూ వచ్చింది. మారుమూల పల్లెకు, కూలిపనులు జరిగే పొలం గట్టుకు, చివరకు ఇంటి గుమ్మానికి చేరింది. మంచినీళ్ళ బిందె కోసం మైలు దూరం నడిచే ఊళ్ళకు కూడా సారా జీపు తప్పకుండా వచ్చేది. 1970-71లో 39 కోట్ల రూపాయలుగా ఉన్న ఎక్సైజు రాబడి 1991-92 నాటికి 812 కోట్లకు చేరింది. ఖజానా లెక్కలో అది రాబడి. ఆ డబ్బులో అధికభాగం రోజుకూలి చేసుకునే వారి చేతినుంచి వచ్చింది. అంటే వారి భార్యాబిడ్డల కంచాలలోనుంచి వచ్చింది.

ఇక రెండవ వైపు చూడండి. 1988లో జాతీయ అక్షరాస్యతా మిషన్ ఏర్పడింది. 1990లో కేరళలోని ఎర్నాకుళం జిల్లా సంపూర్ణ అక్షరాస్యత సాధించినట్లు ప్రకటించడంతో దేశమంతటా ఒక ఉత్సాహం బయలుదేరింది. ఆ ఊపులో 1991లో నెల్లూరు జిల్లాలో ‘అక్షరజ్యోతి’ కార్యక్రమం ప్రారంభమయింది. జీతం లేని బోధకులు, చదువుకున్న యువతీయువకులు, ఉపాధ్యాయులు, జన విజ్ఞాన వేదిక వంటి సంస్థల కార్యకర్తలు పల్లెలకు వెళ్ళారు. కళాజాత బృందాలు పాటలతో, వీధి నాటికలతో ఊరూరా తిరిగాయి. పగలు కూలికి వెళ్ళి, సాయంత్రం వంట చేసి, పిల్లలను పడుకోబెట్టి, రాత్రి దీపం వెలుగులో పలక పట్టుకుని కూర్చున్నవారిలో స్త్రీలే ఎక్కువ.

ఇక్కడ ఉపాధ్యాయినిగా ఒక మాట చెప్పకుండా ఉండలేను. శిక్షణ కళాశాలలో మాకు బోధనా పద్ధతులు ఎన్నో నేర్పారు. పెద్దలకు చదువు చెప్పే పద్ధతి మాత్రం వేరు. పెద్దవారు ఖాళీ పలక వంటివారు కారు. వారికి తెలిసినది చాలా ఉంటుంది. రాయడం మాత్రమే తెలియదు. అందుకని ఆ తరగతులలో ముందు సంభాషణ, ఆ వెనుక అక్షరం. పాఠంలోని బొమ్మ చూపి, విషయం చెప్పి, మీ ఊళ్ళో ఎలా ఉంది అని అడగాలి. వారి మాటలలోనుంచి అక్షరం పుట్టాలి. అటువంటి వాచకంలో ‘సీతమ్మ కథ’ అని ఒక పాఠం ఉంది. తాగుడు వల్ల పాడవుతున్న ఊరిలో ఒక స్త్రీ నిలబడి తక్కినవారిని కూడగట్టే కథ అది. మన పిల్లలయితే అటువంటి పాఠం చదివి, ప్రశ్నలకు జవాబులు రాసి, పుస్తకం మూసేస్తారు. రాత్రిబడి స్త్రీలు పుస్తకం మూయలేదు. ఇది సీతమ్మ కథ కాదమ్మా, మన కథే అనుకున్నారు.

కలిగిరి మండలంలోని దూబగుంట గ్రామం ఈ విధంగానే చరిత్రకెక్కింది. ఆ ఊరిలో తాగిన మైకంలో ఇద్దరు మగవారు చెరువులో మునిగి చనిపోయారు. అప్పటికే పాఠం మీద చర్చ జరిగి ఉంది. ఈ దుర్ఘటనతో మాట చేతగా మారింది. వర్ధినేని రోశమ్మ గారి నాయకత్వంలో స్త్రీలు గుంపుగా కదిలి ముందు కల్లును, పిదప సారాను ఊళ్ళోకి రాకుండా అడ్డుకున్నారు. తరువాత జరిగిన సంగతి నాకు మహా అపురూపంగా తోస్తుంది. దూబగుంటలో జరిగిన ఘట్టాన్నే ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అని పాఠంగా రాసి, తరువాతి దశ చదువు పుస్తకంలో చేర్చారు. పుస్తకంలోని కథ చూసి ఊరు కదిలింది. కదిలిన ఊరే పుస్తకంలోకి కథగా వెళ్ళింది. ఆ పుస్తకం వందల గ్రామాలకు వెళ్ళింది. ఒక ఊరి వార్త మరొక ఊరికి వదంతిగా చేరి ఉంటే అంత బలం వచ్చేది కాదు. పాఠంగా చేరింది కాబట్టి, పదిమందీ కలిసి కూర్చుని చదివారు కాబట్టి, అక్కడివారు చేయగలిగినది మనమెందుకు చేయలేము అని అప్పటికప్పుడే అడుగుకోగలిగారు.

ఆ రోజులలో నేను ఉపాధ్యాయ శిక్షణలో ఉన్నాను. ఉదయగిరి వైపు మా మేనత్త ఉండేది. జీవితంలో ఆమె రాసిన మొదటి ఉత్తరం ఆ సంవత్సరమే నాకు అందింది. ఇన్‌లాండు కవరు నిండా ఉసిరికాయలంత అక్షరాలు. మొత్తం మూడే వాక్యాలు. తాను రాత్రిబడికి పోతున్నానని, సారా జీపును రానియ్యలేదని, మామయ్యకు కోపంగా ఉన్నదని. మూడవ వాక్యంలో దీర్ఘాలు తప్పాయి. దిద్దడానికి నా చేయి ఆడలేదు.

మామయ్యగారి కోపం చిన్న విషయమేమీ కాదు. మనం ఉద్యమం అనగానే ఊరేగింపులు, నినాదాలు తలచుకుంటాము. అంతకంటె ముందు కుదరవలసిన పొత్తు ఇంటికీ ఇంటికీ మధ్య. ‘ఏ ఇంటి గొడవ ఆ ఇంటిదే’ అనే మాట మన పల్లెలలో ఎంత బలమైనదో మీకు తెలుసు. భర్త తాగివచ్చి కొడితే అది ఆమె ఖర్మ; పొరుగింటామె తలుపు వేసుకుంటుంది. నెల్లూరు స్త్రీలు చేసిన మొదటి మార్పు ఈ తలుపు తీయడం. అదెలా సాధ్యమయిందని ఆలోచిస్తే నాకు ఒక సంగతి కనిపిస్తుంది. వారు గురిని భర్త మీదనుంచి అంగడి మీదకు తిప్పారు. ‘నా మొగుడు తాగుబోతు’ అంటే సిగ్గు, ఒంటరితనం. ‘మన ఊళ్ళో సారా అంగడి వద్దు’ అంటే అందరి మాట. మొగుడి పేరెత్తి నలుగురిలో నిలబడలేని ఆడది అంగడి పేరెత్తి నిలబడగలిగింది. మగవారికి కూడా ఇది ఒక వెసులుబాటు. భార్యకు లొంగిపోయానన్న నామోషీ లేకుండా, అంగడి లేదు కనుక మానేశాననగలిగారు. లోలోపల ఆ దిక్కుమాలిన అలవాటు వదిలితే బాగుండునని కోరుకున్న మగవారూ లేకపోలేదు. అటువంటివారు మెల్లగా ఉద్యమం వైపు జరిగారు.

ముందు నడచినవారు ఎక్కువగా దళిత స్త్రీలు, వెనుకబడిన కులాల కూలి స్త్రీలు. దెబ్బ ముందు తగిలేది వారికే కదా. కాని ఇతర కులాల స్త్రీలు కూడా వారితో కలిశారు. వాడకూ ఊరికీ నడుమ ఉన్న గీత అటువంటి పల్లెలలో ఎంత గట్టిదో ఎరిగినవారికి ఈ మాట విలువ తెలుస్తుంది. ఆ గీత చెరిగిపోయిందని నేను అనను. అంగడి ముందు నిలబడినంతసేపు మాత్రం దానిని దాటారు. చీపుర్లు, కారప్పొడి వారి ఆయుధాలు. ప్యాకెట్లను కుప్పపోసి తగలబెట్టారు. తాగివచ్చినవానికి అన్నం పెట్టమన్నారు. కొన్ని ఊళ్ళలో జరిమానా వేశారు, కొన్ని చోట్ల దేవుని గుడిలో ఒట్టు వేయించారు. పద్ధతి ఏదయితేనేమి, ఎవరి ఊరికి తగినది వారు ఎన్నుకున్నారు. పైనుంచి ఎవరూ ఉత్తరువు పంపలేదు.

అయితే ఒక ఊరి అంగడి మూయించినంత మాత్రాన పని కాలేదు. ఈ ఊళ్ళో మూస్తే పక్క ఊళ్ళో తెరిచి ఉండేది. కొన్ని చోట్ల పోలీసుల అండతో సారా మళ్ళీ వచ్చింది. అప్పుడు స్త్రీలు సారా వచ్చే దారిని వెనక్కు పట్టుకుంటూ వెళ్ళారు. అంగడికి సారా ఎక్కడినుంచి? కాంట్రాక్టరు నుంచి. కాంట్రాక్టరుకు హక్కు ఎక్కడినుంచి? జిల్లా కేంద్రంలో జరిగే వేలం నుంచి. ఆ వేలమే జరగకపోతే? తీగ లాగితే డొంక కదిలినట్లు మొత్తం వ్యాపారానికి ఆయువుపట్టు ఎక్కడున్నదో వారికి దొరికింది. 1992లో నెల్లూరులో సారా వేలం జరగవలసిన దినాలలో పల్లెల నుంచి స్త్రీలు వందలు వేలుగా తరలివచ్చి అడ్డు నిలిచారు. వేలం వాయిదా పడింది. మళ్ళీ తేదీ పెట్టారు, మళ్ళీ వచ్చారు. అలా ఎన్నోసార్లు జరిగింది. ఇందులో ఒక వింత గమనించండి. అక్షరజ్యోతికి పెద్ద జిల్లా కలెక్టరు. వేలం పాట జరిపించవలసినది కూడా ఆ కలెక్టరు కార్యాలయమే. ఒక చేత్తో పలక ఇచ్చిన ప్రభుత్వం మరొక చేత్తో ప్యాకెట్టు ఇస్తున్నది. ఆ రెండు చేతులనూ ఒకచోట చేర్చి చూపించినవారు నిన్నమొన్న సంతకం నేర్చుకున్న స్త్రీలు.

జిల్లా కేంద్రానికి పోరాటం చేరిన తరువాత ఊరి బలం ఒక్కటే చాలదు. పట్టణంలో దారి చూపేవారు కావాలి. అర్జీ రాసేవారు, పోలీసు స్టేషనుకు వచ్చేవారు, వార్త పట్నానికి చేర్చేవారు కావాలి. అప్పుడు వచ్చిచేరిన వారిని చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. మహిళా సంఘాలు వచ్చాయి; వాటిలో ఒకదానితో ఒకటి పొసగనివి ఉన్నాయి. వామపక్షాలు వచ్చాయి. వారితో ఏ విషయంలోనూ ఏకీభవించని భారతీయ జనతా పార్టీవారు వచ్చారు. ఎన్నికల మీద కన్నుతో తెలుగుదేశం వచ్చింది. వావిలాల గోపాలకృష్ణయ్య గారి వంటి వయోవృద్ధులైన గాంధేయవాదులు వచ్చారు. పౌరహక్కుల వారు, విద్యార్థులు, ఉపాధ్యాయులు వచ్చారు. ‘ఈనాడు’ దినపత్రిక ‘సారాపై సమరం’ పేరుతో ప్రత్యేకంగా పుట కేటాయించి ఏ ఊళ్ళో ఏమి జరిగిందో రోజూ ప్రకటించింది. దూబగుంట పాఠం వాచకం ద్వారా జిల్లాకు తెలిస్తే, జిల్లా కథ పత్రిక ద్వారా రాష్ట్రానికంతకూ తెలిసింది.

వీరందరి కారణాలు ఒకటి కావు. గాంధేయవాదికి మద్యం పాపం. కమ్యూనిస్టుకు అది శ్రామికుని దోపిడి. మహిళా సంఘానికి అది ఇంటిలోని హింస. ప్రతిపక్షానికి అది ప్రభుత్వాన్ని నిలదీసే అవకాశం. పత్రికకు పాఠకులున్నారు. ఇంతమందిని ఒక సిద్ధాంతం మీద కూర్చోబెట్టాలని ఎవరయినా ప్రయత్నించి ఉంటే మొదటి సమావేశంలోనే ఎవరి దారిన వారు పోయేవారు. కూర్చోబెట్టినది సిద్ధాంతం కాదు, ఒక్క కోరిక. ‘మా ఊళ్ళో సారా వద్దు.’ మూడేళ్ళ పిల్లకు కూడా అర్థమయ్యే కోరిక. అయిందా లేదా అన్నది కంటితో చూడగలిగిన కోరిక: అంగడి తెరిచి ఉందా, మూసి ఉందా? ఎవరి కారణం వారి దగ్గర ఉంచుకుని ఈ ఒక్క దానికి చేయి కలపండి అన్నట్లుగా సాగింది ఆ పొత్తు. వచ్చినవారు స్త్రీల వెనుక నిలబడినంతకాలం అది బాగా సాగింది. కొందరు నాయకులు వేదికల మీద ముందు వరుస ఆక్రమించుకొన్నారనుకోండి. అది ఎక్కడైనా జరిగేదే, మన వార్షికోత్సవాలలో జరగడం లేదా?

ఫలితాలను త్వరగా చెప్పుకుందాం. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో సారా అమ్మకం నిషేధించారు. అదే సంవత్సరం అక్టోబరు 1 నుంచి, కోట్ల విజయభాస్కర రెడ్డి గారు ముఖ్యమంత్రిగా ఉండగా, నిషేధం రాష్ట్రమంతటికీ విస్తరించింది. 1994 డిసెంబరు ఎన్నికలలో సంపూర్ణ మద్యనిషేధం పెద్ద వాగ్దానమయింది. నందమూరి తారక రామారావు గారు గెలిచి ప్రమాణస్వీకారం చేసిన రోజునే ఆ ఫైలు మీద సంతకం చేశారు. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ నిషేధం అమలులోకి వచ్చింది. 1980 దశకంలో ‘వారుణి వాహిని’ని తెచ్చిన ప్రభుత్వమూ ఆయనదే. రాజకీయాలలో ఇటువంటివి విడ్డూరం కావు. నేను దీనిని నిందగా చెప్పడం లేదు. నిన్నటి ఎదుటిపక్షం ఈనాడు మన పక్షానికి రాగలదు, వచ్చేటట్లు చేయగల బలం ప్రజలకు ఉంటే.

ఇంతవరకు చెప్పి ఆపితే కథ సుఖాంతం. పిల్లలకయితే ఆపవచ్చును, పెద్దలకు ఆపకూడదు. 1997లో, చంద్రబాబు నాయుడు గారి ప్రభుత్వం సంపూర్ణ నిషేధాన్ని ఎత్తివేసింది. ఖజానాకు రాబడి తగ్గిందన్నారు; దొంగసారా, పొరుగు ప్రాంతాల నుంచి దొంగరవాణా పెరిగాయన్నారు. అబద్ధమని చెప్పలేము. ఆంధ్రప్రదేశ్‌కు నాలుగు ప్రక్కలా మద్యం దొరికే సీమలే. గోదావరి జిల్లాల నడుమ పుదుచ్చేరి పాలనలోని యానాం ఉన్నది. దక్షిణాన మన తమిళనాడు. ఇక్కడి సంగతి చూడండి. దేశంలో మద్యనిషేధానికి తొలి ప్రయోగశాల మన సేలం జిల్లా. 1937లో రాజాజీ గారు అక్కడ ప్రారంభించారు. 1971లో ఈ రాష్ట్రంలో ఆ నిషేధాన్ని సడలించారు. 2003 నుంచి చిల్లర అమ్మకం కూడా ప్రభుత్వ సంస్థే చేస్తున్నది.

కాని నన్ను కలవరపెట్టేది చట్టం పోవడం కాదు. చట్టాలు వస్తాయి, పోతాయి. 1992లో వేలం పాటను పదేపదే ఆపిన ఆ ఉద్ధృతి 1997లో ఎందుకు కనబడలేదు? నా అభిప్రాయం మనవి చేస్తాను, మీరు ఒప్పుకోకపోవచ్చును. కోరిక చిన్నదిగా ఉన్నంతకాలం దానిని కాపాడుకునేవారు ఊళ్ళోనే ఉన్నారు. ఊరి అంగడి తిరిగి తెరిస్తే ఆ సాయంత్రమే చీపుర్లు లేస్తాయి. అది రాష్ట్ర చట్టంగా మారిన తరువాత కాపలా పోలీసులకు, ఎక్సైజు సిబ్బందికి పోయింది. స్త్రీలు ఇంటికి వెళ్ళారు, ప్రభుత్వం చూసుకుంటుందనుకున్నారు. పార్టీలకు కావలసిన ఎన్నికలు అయిపోయాయి. పత్రికలకు కొత్త వార్తలు వచ్చాయి. ఒక్క కోరిక కోసం కుదిరిన పొత్తు, కోరిక తీరిన నాడే విడిపోయింది. ఎవరూ ద్రోహం చేయలేదు. పెళ్ళి అయిన తరువాత పందిరి విప్పినట్లు విప్పారు, అంతే. తుఫాను వచ్చే సరికి పందిరి లేదు.

సర్వమూ పోయిందనుకోవద్దు. 1997లో మద్యం తిరిగి వచ్చినా, సారా మీద నిషేధం నిలిచింది. అంతకంటె గొప్పగా మిగిలినది ‘పొదుపులక్ష్మి’. సారాకు పోయే డబ్బులో రోజుకు ఒక్క రూపాయి దాచుకుందామని నెల్లూరు జిల్లా స్త్రీలు గుంపులుగా కూడి పొదుపు చేయసాగారు. రూపాయి ఏమంత? కాని కలవాలి, లెక్క రాయాలి, సంతకం పెట్టాలి. రాత్రిబడిలో నేర్చిన అక్షరం అక్కడ నిత్యం పనికి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ అంతటా తరువాత డ్వాక్రా సంఘాలు అంత విస్తారంగా పెరగడానికి ఈ పొదుపు ఒక దారి వేసింది. చట్టం కోసం కలిసినవారు విడిపోయారు. రూపాయి కోసం కలిసినవారు విడిపోలేదు. వారికి రేపు కూడా కలవవలసిన పని ఉంది మరి. రోశమ్మ గారు 2016లో కాలధర్మం చెందారు. ఆమె పేరుకు ముందు ఇంటిపేరు బదులు ఊరిపేరు నిలిచిపోయింది. దూబగుంట రోశమ్మ అంటేనే జనానికి తెలుస్తుంది.

ఇక మన ఇంటి విషయానికి వస్తాను. నేను ఈ పాఠశాలలో చేరిననాడు ఒకటో తరగతికి రెండు విభాగాలు ఉండేవి. ఈనాడు ఒక గది, అందులోనూ వెనుక బల్లలు ఖాళీ. తల్లిదండ్రులను తప్పుపట్టను. ఆంగ్ల మాధ్యమంలో చేర్చితే బిడ్డ బాగుపడతాడన్న నమ్మకం వారిది; ఆ నమ్మకాన్ని ఉపన్యాసంతో మార్చలేము. ప్రతి జూబిలీ సభలోనూ ‘తెలుగును కాపాడుకుందాం’ అని తీర్మానం చేస్తాము, చప్పట్లు కొడతాము, భోజనాలకు లేస్తాము. ఆ తీర్మానం ఎందుకు పనిచేయదో దూబగుంటను చూసిన తరువాత నాకు కొంత బోధపడింది. తెలుగును కాపాడడం ఎప్పటికి పూర్తవుతుంది? పూర్తయిందో లేదో ఎవరు చూస్తారు? అంతపెద్ద కోరికకు ఎవరూ అడ్డు చెప్పరు, ఎవరూ కదలరు.

2006లో ఈ రాష్ట్రంలో తమిళ అభ్యసన చట్టం వచ్చిన తరువాత జరిగినది గుర్తుచేసుకోండి. ఆ చట్టం ఒకటో తరగతితో మొదలయి ఏడాదికొక తరగతి చొప్పున పైకి వచ్చింది. పదవ తరగతి పరీక్ష దగ్గరకు వచ్చేసరికి తెలుగువారు, కన్నడిగులు, మలయాళీలు, ఉర్దూ మాట్లాడేవారు తమతమ విన్నపాలతో న్యాయస్థానాల మెట్లెక్కారు. తమిళం వద్దని వారు కోరలేదు. ఈ గడ్డ మీద పుట్టి తమిళం వద్దనడం కృతఘ్నత అవుతుంది. మన పిల్లలు చక్కగా నేర్చుకుంటున్నారు కూడా. వారు కోరినది మాతృభాష పరీక్షకు ఒక స్థానం. కోరిక అంత స్పష్టంగా ఉన్నది కాబట్టే నాలుగు భాషలవారు కలవగలిగారు. మనం ఉర్దూ పాఠశాల హెడ్‌మాస్టరుగారితో సాహిత్యం గురించి మాట్లాడి ఎరుగము. పరీక్షల విషయం వచ్చినప్పుడు మాత్రం ఒకరింటికొకరు వెళ్ళాము. అయితే ఆ రాకపోకలు కూడా పరీక్షల కాలం దాటగానే నిలిచిపోయాయి. ఇక్కడా పందిరి విప్పేశాము.

కనుక ఈ సంవత్సరానికి ఒకే ఒక్క కోరిక పెట్టుకుందామని నా విన్నపం. వచ్చే జూన్ నాటికి మన ఒకటో తరగతి గది నిండాలి. ఒక్క బల్ల ఖాళీగా ఉండకూడదు. నిండిందా లేదా అన్నది ఆ గది కిటికీలోనుంచి ఎవరైనా చూడవచ్చు. దీనికి ఎవరి కారణంతో వారు రావచ్చును. భాషాభిమానంతో కొందరు, తాము చదివిన బడి మూతపడకూడదన్న మమకారంతో కొందరు రావచ్చు. ఇంటిదగ్గరే తక్కువ ఖర్చుతో మంచి చదువు దొరుకుతుందన్న లెక్కతో మరికొందరు రావచ్చు; ఆ లెక్కను నేనేమీ తక్కువగా చూడను. ఉపాధ్యాయులమైన మాకు ఉద్యోగ స్వార్థం కూడా ఉన్నది, దాచనక్కరలేదు. ఆంగ్లం బాగా చెప్పాలని తల్లులు అడిగితే బాగా చెబుతాము. అది న్యాయమైన కోరిక. పూర్వ విద్యార్థులు విరాళాలు ఇచ్చారు, కృతజ్ఞతలు. ఇప్పుడు విరాళం కంటె ఎక్కువగా నాకు మీ ఆదివారాలు కావాలి. మన పిల్లలున్న వీధులు మీకు తెలుసు. ఆ ఇళ్ళ మెట్లు ఎక్కడానికి తోడు కావాలి. ముఖ్యంగా తల్లులు రావాలి. ఒక తల్లి మాట మరొక తల్లి విన్నట్లు నా మాట వినదు.

జూన్‌లో గది నిండిన తరువాత కూడా నెలకొకసారి కలుద్దాం. పొదుపులక్ష్మి వారికి రూపాయి ఉన్నది. మనకు పిల్లల హాజరుపట్టీ ఉన్నది. ఎవరు రావడం లేదు, ఎందుకు రావడం లేదు, ఏ ఇంటికి ఎవరు వెళ్ళాలి అని చూసుకోవడానికి గంటసేపు చాలు.

మొదటి సమావేశం వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు ఒకటో తరగతి గదిలోనే. వేదిక లేదు, దండలు లేవు. పిల్లల బల్లలు మీకు ఇరుకుగా ఉంటాయి కనుక చాపలు పరిపిస్తాను. ఏ వీధి ఎవరిదో రాసుకునేందుకు ఒక నోటు పుస్తకం సిద్ధంగా ఉంచాను. ద్వారం దగ్గర మా ఐదవ తరగతి టీచరుగారు కూర్చుని ఉంటారు. భోజనాలకు వెళ్ళే ముందు పేరు రాయించి వెళ్ళండి.